మిగెల్ కొవార్రూబియాస్ ద్వీపాల బొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బాలి వెళ్ళొచ్చిన స్నేహితులు అక్కడి పుస్తకాల షాపులో చూశామంటూ ఒక పుస్తకం గురించి అడుగుతుంటారు. లోపల నల్ల ఇంకు బొమ్మలు, మధ్యలో కొన్ని రంగు బొమ్మలు. రాసిందీ, బొమ్మలు వేసిందీ ఒక మెక్సికో మనిషి. "బాలి గురించి మెక్సికో ఆయనేంటి?" అన్నది అందరి మొదటి ప్రశ్న. అక్కణ్ణుంచి మిగతావి వస్తాయి. నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఇంతకీ ఎవరీయన?

మిగెల్ కొవార్రూబియాస్ 1904లో మెక్సికో సిటీలో పుట్టారు, 1957లో అక్కడే పోయారు. చిత్రకళ ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకోలేదు. పద్నాలుగేళ్ళకే బడి మానేసి, ప్రభుత్వ ఆఫీసులో పటాలు గీసే పనిలో చేరారు. ఈ పటాల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇరవై నిండకుండానే న్యూయార్క్ చేరి, అక్కడి వానిటీ ఫెయిర్ పత్రికలో సినిమా తారల్నీ, రాజకీయ నాయకుల్నీ క్యారికేచర్లుగా గీసి ఊరంతా పేరు తెచ్చుకున్నారు. తర్వాత న్యూయార్కర్‌లో కూడా వేశారు. వయసు చూసి స్నేహితులు పెట్టిన ముద్దుపేరు 'ఎల్ చమాకో', అంటే 'కుర్రాడు'. నలభై దాటినా ఆ పేరు పోలేదు.

పేరు ఎలా పలకాలి?

'మిగ్యుయెల్' కాదు, 'మిగెల్'. ఇంటిపేరులో 'ర' దగ్గర నాలుక అదరాలి. మన బండి ఱ గట్టిగా పలికితే దాదాపు అదే.

బాలికి ఎందుకు వెళ్ళారు?

ఒక ఫోటోల పుస్తకం వల్ల. గ్రెగర్ క్రౌజ్ అనే జర్మన్ డాక్టర్ బాలిలో పనిచేస్తూ తీసిన ఫోటోలు 1920లో అచ్చయ్యాయి. ఆ పుస్తకం చూశాక కొవార్రూబియాస్‌కు, ఆయనకు కాబోయే భార్య రోజాకు బాలి పిచ్చి పట్టుకుంది. 1930లో పెళ్ళి చేసుకుని, హనీమూన్‌కని న్యూయార్క్‌లో 'సింగలీస్ ప్రిన్స్' అనే సరుకుల ఓడ ఎక్కారు. వారాల తరబడి సాగే ప్రయాణం. ఊరికే కూర్చోకుండా ఓడలోనే మలయ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు.

దిగాక మామూలు టూరిస్టుల్లా హోటల్లో ఉండిపోలేదు. డెన్‌పసార్‌లో బెలలువాన్ అనే పేటలో స్థానిక కుటుంబం వాళ్ళ లోగిల్లో మకాం పెట్టారు. నా మటుకు నాకు, ఆ బొమ్మలన్నిటికీ మూలం ఈ ఒక్క నిర్ణయం. హోటల్ వరండాలో కూర్చున్నవాడికి గుడికి వెళ్ళే ఊరేగింపు కనిపిస్తుంది. లోగిల్లో ఉన్నవాడికి ఆ ఊరేగింపు కోసం ముందురోజు రాత్రంతా కొబ్బరాకులు చీల్చి అల్లుతున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. ఆయన గీసింది ఎక్కువగా ఈ రెండోదే.

అప్పటికే బాలిలో స్థిరపడిన జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్ ఆయనకు ఊళ్ళూ, గుళ్ళూ, నాట్యాలూ తిప్పి చూపించారు. మొదటి ప్రయాణం ముగించి వెళ్ళిపోయినా మనసు ఇక్కడే ఉండిపోయింది. 1933లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ సంపాదించి ఇద్దరూ మళ్ళీ వచ్చారు. 400 పేజీలు దాటిన ఆ పుస్తకం, 'ఐలండ్ ఆఫ్ బాలి', 1937లో న్యూయార్క్‌లో వచ్చింది. ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే ఉంది.

ఆ బొమ్మల్లో అంత గొప్పేముంది? సింపుల్‌గానే ఉన్నాయి కదా?

సింపుల్‌గా ఉండటమే కష్టం. బాపు గీత చూసి పెరిగిన వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఒక్క గీత పైనుంచి కిందికి దిగితే అందులో నడుము, నడక, మనిషి గర్వం అన్నీ రావాలి.

ఒకసారి ఆయన పద్ధతిలో, తలమీద నైవేద్యం మోసుకెళ్ళే స్త్రీ బొమ్మ వేయబోయాను. నెత్తిన పళ్ళు, పూలు, పిండివంటలు గోపురంలా పేర్చిన బరువు. మెడ నిటారుగా ఉంటుంది. ఒక చెయ్యి పైకి లేచి ఊరికే అంచు తాకుతుంది, పట్టుకోదు. రెండో చెయ్యి వదులుగా ఊగుతుంది. మొహంలో బరువు ఛాయే లేదు. ఆరేడు కాగితాలు పాడుచేశాక నాకు వచ్చిన బొమ్మ స్లాబ్ పనిలో సిమెంటు తట్ట మోస్తున్న మనిషిలా ఉంది. తప్పు ఎక్కడుందో చాలాసేపటికి గానీ అర్థం కాలేదు. నేను భుజాలు పైకెత్తి గీస్తున్నాను. బరువు మోసే అలవాటున్న మనిషి భుజాలు కిందికి దిగి ఉంటాయి. బిందె నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళని చిన్నప్పటి నుంచి చూస్తూ కూడా నేను గమనించని సంగతి అది. ఆయన గమనించారు.

క్యారికేచర్ వేసేవాడికి ఉండే కన్ను అది. న్యూయార్క్‌లో ఒక నటుణ్ణి చూడగానే ముక్కు, కనుబొమ్మ, నిలబడే తీరు పట్టేసేవాడు, బాలిలో ఎగతాళి పక్కన పెట్టి అదే కన్నుతో చూశాడు. లెగాంగ్ నాట్యం చేసే చిన్నపిల్లల మోచేతి వంపు, కోడిపందెం దగ్గర గొంతుక్కూర్చున్న మగాళ్ళ వీపులు, వరి దంచే ఆడవాళ్ళు, ధాన్యం దాచే 'లుంబుంగ్' గడ్డికప్పు: ఒక్కోటి ఎలా పనిచేస్తుందో చూపించే బొమ్మలు. ఇల్లు ఎలా కట్టుకుంటారు, బట్ట ఎలా చుట్టుకుంటారు, వేషం ఎలా వేస్తారు అన్నట్టుంటాయి.

అన్నట్టు, బాలిలో 'పురి' అంటే రాజుగారి కోట. మనకు గడ్డివెంటితో కట్టే ధాన్యం పురి. ఆ మాట కనిపించినప్పుడల్లా నాకు మాత్రం మా ఊరి పురే గుర్తొస్తుంది.

రంగు బొమ్మల తీరు వేరు. నున్నగా, గుండ్రంగా, కంచు పోత పోసినట్టుండే ఒళ్ళు, బాదం గింజ కళ్ళు, వెనకాల అరటాకుల గుబురు. అందంగా ఉంటాయి, కాదనను. కానీ రెండిట్లో ఏది కావాలంటే నేను నల్ల ఇంకు బొమ్మలే తీసుకుంటాను. రంగు బొమ్మల్లో మనుషులు ఒకరిలాగే ఇంకొకరు ఉంటారు.

ఇవి కూడా టూరిస్టులకు 'స్వర్గం' అమ్మిన బొమ్మలే అంటారు. నిజమేనా?

సగం నిజం. ఆ రోజుల్లో బాలిని 'చివరి స్వర్గం' అని ఓడ కంపెనీలు, సినిమాలు, పత్రికలు తెగ ప్రచారం చేశాయి. కొవార్రూబియాస్ పుస్తకం, బొమ్మలు అమెరికాలో ఆ మోజును ఇంకా పెంచాయి. స్వర్గం అన్న బొమ్మ వెనక దాచేసిన చరిత్ర కూడా ఉంది. 1906లో బదుంగ్ రాజ్యం మీదికి డచ్చి సైన్యం వచ్చినప్పుడు రాజు, రాణులు, పరివారం తెల్లబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని తుపాకులకు ఎదురు నడిచి చనిపోయారు. దాన్ని 'పుపుతాన్' అంటారు. 1908లో క్లుంగ్‌కుంగ్‌లో మళ్ళీ అదే జరిగింది. కొవార్రూబియాస్ దంపతులు మకాం పెట్టిన డెన్‌పసార్‌లోనే ఆ మొదటి మారణకాండ జరిగి అప్పటికి పాతికేళ్ళు కూడా కాలేదు.

ఆయన ఈ చరిత్ర దాచలేదు, పుస్తకంలో రాశారు. డచ్చి పాలననూ, మిషనరీలనూ తప్పుపట్టారు. టూరిజం ఈ జీవితాన్ని చెడగొడుతుందని భయపడ్డారు. ఆ భయం చెప్పుకున్న పుస్తకమే లక్షల మందికి గైడు అయింది! 2019లో బాలికి వచ్చిన విదేశీయులు 60 లక్షల పైమాటే.

నా అభిప్రాయం: పుస్తకంలోని మాటలు స్వర్గం కథను ప్రశ్నిస్తాయి, రంగు బొమ్మలు మాత్రం దానికి వంత పాడతాయి. అప్పుల్లో మునిగిన రైతు, పన్నుకు బదులు రోడ్డు పనికి వెళ్ళే కూలీ ఆ రంగు బొమ్మల్లో కనబడరు.

ఆడవాళ్ళ ఒంటిమీద పైబట్ట ఉండదు. పిల్లలకు చూపించొచ్చా?

చూపించండి, కానీ చెప్పి చూపించండి. అప్పటి బాలిలో నడుము పైన బట్ట లేకుండా ఉండటం మామూలు విషయం. గుడికి వెళ్ళేటప్పుడు మాత్రం ఛాతీ చుట్టూ బట్ట కట్టుకునేవారు. మన దగ్గర కూడా రవికె లేని చీరకట్టుతో ఉన్న ముసలమ్మల్ని చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఎవరూ దాన్ని వింతగా చూడలేదు.

పేచీ ఎక్కడంటే, ఆ మామూలు విషయాన్ని పోస్టర్ల మీదికెక్కించి అమ్ముకున్న వాళ్ళ దగ్గర. కొవార్రూబియాస్ ఇంకు బొమ్మల్లో ఆ స్త్రీలు పనిలో ఉంటారు, చూసేవాడి వైపు చూడరు. కొన్ని రంగు బొమ్మల గురించి మాత్రం అంత గట్టిగా చెప్పలేను.

మన రామాయణ, భారతాలు ఆ బొమ్మల్లో ఉన్నాయా?

ఉన్నాయి, కాకపోతే బాలి వేషంలో. అక్కడి తోలుబొమ్మలాట పేరు 'వాయంగ్ కులిత్'. కులిత్ అంటే తోలే. తెర వెనక దీపం పెట్టుకుని ఒక్క మనిషే, 'దలంగ్', రాత్రంతా బొమ్మలన్నీ ఆడిస్తూ అందరి గొంతులూ తానే పలుకుతాడు. కథలు ఎక్కువగా భారతంలోవి, రామాయణంలోవి. రాజులూ దేవుళ్ళూ 'కవి' అనే పాత జావా భాషలో మాట్లాడతారు. అది జనానికి అర్థం కాదు. అందుకని ట్వాలెన్, మెర్దా అనే సేవకులు వాళ్ళ మాటల్ని వాడుక బాలి భాషలోకి తిప్పి, మధ్యలో జోకులేస్తారు. మన కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు చేసే పని గుర్తొచ్చిందా? నాకు పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఆ బొమ్మల కొసల్లోని నగిషీని, పొట్ట ముందుకు పొడుచుకొచ్చిన సేవకులను మెక్సికో ఆయన కన్ను ఎంత ఇష్టంగా చూసిందో తెలిసిపోతుంది.

ఇంకో దగ్గరి చుట్టరికం ఉగాది. బాలి వాళ్ళ కొత్త సంవత్సరం 'న్యెపి' కూడా శక సంవత్సరం లెక్కే. కొన్ని ఏళ్ళలో ఉగాది నాడో, దానికి ఒకటి రెండు రోజుల తేడాతోనో వస్తుంది. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. మనం పచ్చడి తిని పంచాంగం వింటాం. వాళ్ళు ముందురోజు చప్పుళ్ళతో భూతాలను తరిమి, న్యెపి నాడు నిప్పు రాజేయకుండా, వీధిలోకి రాకుండా ఊరంతా మౌనంగా ఉంటారు. కొవార్రూబియాస్ దీన్నీ వర్ణించారు.

అయితే "అంతా మనదే" అనుకోకండి. కోతల వేళ వరి ప్రాణం బెదరకుండా చిన్న కత్తిని అరచేతిలో దాచుకుని ఒక్కో కంకి కోసే పద్ధతి, దేవి శ్రీ పేరిట కొబ్బరాకుతో చేసే ఆడమనిషి బొమ్మ, మంత్రగత్తె రంగ్డా, ఆమెతో తలపడే బరోంగ్ అనే జంతువు: ఇవి అక్కడి మట్టిలో పుట్టినవి.

రోజా ఎవరు? పుస్తకంలో ఆమె పేరు చిన్నగా ఉంటుందేం?

రోజా రొలాండా. కాలిఫోర్నియాలో పుట్టిన నర్తకి. తర్వాత ఫోటోగ్రాఫర్, చిత్రకారిణి. బాలి పుస్తకం చివర వందకు పైగా ఫోటోలు ఉన్నాయి, అవి ఆమెవే. నిజానికి ఆడవాళ్ళ పనులు, వంట, పిల్లల సంగతులు ఇంత వివరంగా పుస్తకంలోకి రావడంలో ఆమె పాత్ర పెద్దదనే నేను అనుకుంటాను. బాలి ఇళ్ళ వంటశాలలోకి ఒక విదేశీ మగాడు ఎంతసేపని వెళ్ళగలడు? పేరు మాత్రం చిన్నక్షరాల్లోనే మిగిలింది.

బాలి చిత్రకారులు ఈయన దగ్గర నేర్చుకున్నారా?

లేదు. ఆ పేరు స్పీస్‌కు, డచ్చి చిత్రకారుడు రుడాల్ఫ్ బోనెట్‌కు చెందుతుంది. 1936లో ఉబుద్ రాజకుటుంబానికి చెందిన సుకవతితో, గుస్తి న్యోమాన్ లెంపాద్ లాంటి కళాకారులతో కలిసి 'పిత మహా' అనే సంఘం పెట్టింది వాళ్ళు. పేరు చూడండి, మన పితామహుడే. కొవార్రూబియాస్ చేసింది వేరే: గుడి కథలు వదిలి పొలం, సంత, పండగ గీయడం మొదలుపెట్టిన బాలి చిత్రకారుల్ని గమనించి బయటి ప్రపంచానికి చెప్పడం.

బాలి కాకుండా వేరే ద్వీపాల బొమ్మలు వేశారా?

వేశారు. అమెరికన్ రచయిత హెర్మన్ మెల్విల్ నవల 'టైపీ'కి 1935లో అమెరికాలో వచ్చిన ఒక ప్రత్యేక ముద్రణకు బొమ్మలు ఆయనవే. కథ జరిగేది పసిఫిక్‌లోని మార్కెసాస్ ద్వీపాల్లో. బాగున్నాయి గానీ, ఆకులూ, ఒళ్ళూ, నీడలూ చూస్తే కథ మార్కెసాస్‌ది, వేసిన చెయ్యి బాలిది అనిపిస్తుంది.

ఆ పెద్ద పసిఫిక్ పటాల కథేంటి?

ఇదిగో, పద్నాలుగేళ్ళప్పటి పటాల పని ఇక్కడ అక్కరకొచ్చింది.

1939లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద ప్రదర్శన జరిగింది. దానికోసం సముద్రంలో మట్టి పోసి 'ట్రెజర్ ఐలండ్' అనే దీవినే కట్టారు. అందులో పసిఫిక్ హౌస్ అనే భవనానికి కొవార్రూబియాస్ ఆరు పటాలు వేశారు. నాలుగు పెద్దవి, ఒక్కోటీ 15 అడుగుల ఎత్తు, 24 అడుగుల వెడల్పు. రెండు చిన్నవి. హార్డ్‌బోర్డు పలకల మీద లాకర్ రంగులు. సాయం పట్టింది తోటి మెక్సికన్ చిత్రకారుడు ఆంతోనియో రూయిస్. మనుషులు, చెట్లూ జంతువులు, కళలు, ఆర్థిక వ్యవస్థ, ఇళ్ళు, ప్రయాణ సాధనాలు: ఒక్కో పటానికి ఒక్కో విషయం.

మన స్కూలు గోడమీది ప్రపంచ పటం గుర్తుచేసుకోండి. పసిఫిక్ మహాసముద్రం రెండు ముక్కలై అటొకటి, ఇటొకటి అంచుల్లో ఉంటుంది. ఎక్కడో చివర ఉన్న ఖాళీ నీళ్ళన్నమాట. ఈయన దాన్ని తెచ్చి నడిమధ్యన పెట్టారు. ఎడమ పక్క ఆసియా, కుడి పక్క అమెరికాలు, మధ్యలో ద్వీపాలు. నీళ్ళు ఖాళీగా లేవు: అలలు, చేపలు, తిమింగలాలు. ప్రయాణాల పటంలో పక్కన తేలే కొయ్య కట్టిన పడవలు ద్వీపం నుంచి ద్వీపానికి వెళ్తుంటాయి. సముద్రం మనుషుల్ని విడదీయలేదు, కలిపింది అన్న మాట ఆ పటం చూస్తేనే అర్థమవుతుంది. తర్వాతి రోజుల్లో ఆయన మెక్సికో ప్రాచీన కళల మీద, ముఖ్యంగా ఓల్మెక్ శిల్పాల మీద పరిశోధన చేస్తూ, ఆసియాకూ అమెరికాకూ ప్రాచీన కాలంలోనే సంబంధాలున్నాయని గట్టిగా వాదించారు. ఆ వాదనను ఇప్పటి పురావస్తు శాస్త్రవేత్తలు చాలావరకు ఒప్పుకోరు. పటం అందానికి మాత్రం దానితో పనిలేదు.

అసలు బొమ్మలు ఎక్కడ చూడొచ్చు?

పటాల్లో చెట్లూ జంతువుల పటం బాగుచేయించాక శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో పెట్టారు. బే ఏరియాలో మన వాళ్ళకు కొదవ లేదు కాబట్టి ఇది చెప్తున్నాను. వెళ్ళేముందు ప్రదర్శనలో ఉందో లేదో మ్యూజియం వాళ్ళనే అడగండి. ఆయన కాగితాలు, స్కెచ్‌ల పెద్ద భాండారం మెక్సికోలో ప్యూబ్లా దగ్గరి అమెరికాస్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఇంట్లోంచే చూడాలంటే డేవిడ్ రమ్సే పటాల సేకరణలో పసిఫిక్ పటాల ముద్రణలు బాగా పెద్ద సైజులో స్కాన్ చేసి ఉన్నాయి. ఫోన్లో వద్దు, కంప్యూటర్‌లో చూడండి. జూమ్ చేస్తూ పోతే ఒక సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది.

నా పుస్తకం కవర్‌కో, టీషర్ట్‌కో వాడుకోవచ్చా?

మన దేశంలో కాపీరైట్ సాధారణంగా రచయిత చనిపోయాక 60 ఏళ్ళు. ఆయన పోయింది 1957 కాబట్టి ఆ లెక్కన 2017 చివరితో గడువు అయిపోయింది. అమెరికా, మెక్సికో లెక్కలు వేరు. అక్కడ ఇంకా హక్కులు ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మితే సరుకు ఏ దేశానికైనా పోతుంది, కాబట్టి వ్యాపారానికైతే తెలిసిన లాయర్‌ని అడగకుండా దిగొద్దు.

బొమ్మలు నేర్చుకుంటున్నాను. ఎక్కడ మొదలెట్టాలి?

రంగు బొమ్మల జోలికి వెళ్ళకండి. ఇంకు బొమ్మల్లో చిన్నది ఒకటి ఎంచుకుని, ట్రేసింగ్ కాగితం లేకుండా, రబ్బరు లేకుండా దించండి. తర్వాత పుస్తకం మూసేసి, మీ వీధిలో పూలమ్మే ఆవిడనో, ఇస్త్రీ బండి దగ్గర మనిషినో అదే పద్ధతిలో పది గీతల్లో వేయండి. పదకొండో గీత కావాలనిపిస్తే, ముందు వేసిన పదిలో ఒకటి తప్పన్నమాట.

ఆరు పటాలన్నారు. ఒకటి కనబడటం లేదని విన్నాను?

నిజమే. ప్రదర్శన అయ్యాక పటాలను న్యూయార్క్‌లోని సహజ చరిత్ర మ్యూజియానికి పంపారు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోకు తిరిగొచ్చినవి ఐదే. కళల పటం రాలేదు. ఆయన జీవితమంతా వెతికిన విషయం, అంటే ఏ దీవిలో ఎలాంటి కొయ్యబొమ్మలు చెక్కుతారు, ఎలాంటి బట్ట నేస్తారు, ఎలాంటి ముసుగులు వేసుకుంటారు అన్నది, ఆ ఒక్క పటంలోనే ఉంది. ఆ రోజుల్లో పటాలన్నిటినీ చిన్న సైజు లిథోగ్రాఫులుగా అచ్చేసి అమ్మారు కాబట్టి, అది ఎలా ఉండేదో మనకు తెలుసు. రమ్సే సేకరణలో ఆ అచ్చుకాగితం చూడొచ్చు. 24 అడుగుల పటం బదులు మడత గీతలు పడిన ఒక కాగితం.